మూత తిప్పిన చేయి: ఒక కార్ల వర్క్‌షాప్‌లో భద్రతా సూచనల ఉల్లంఘనపై కేస్ స్టడీ

రెండేళ్ళ కిందట మే నెలలో ఒక మధ్యాహ్నం, హైదరాబాద్ నాచారంలోని మా వర్క్‌షాప్‌కు కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మార్పించుకోవడానికి వచ్చిన ఒక కస్టమర్ తన కారు రేడియేటర్ మూతను తానే తిప్పి, కుడి చేతిని మణికట్టు నుంచి మోచేతి దాకా కాల్చుకున్నారు. ఇంజన్ వేడిగా ఉందని, దగ్గరకు రావద్దని మా మేస్త్రీ ఆయనకు అంతకు పది నిమిషాల ముందే చెప్పాడు. పని జరిగే చోటికి కస్టమర్లు రాకూడదన్న బోర్డు ఉంది, దాటకూడదని నేల మీద పసుపు గీత కూడా ఉంది. ఆ సాయంత్రం నేను రాసిన ప్రమాద నివేదికలో, కారణం అనే గడిలో, "కస్టమర్ సూచనలను లక్ష్యపెట్టలేదు" అని ఒకే వాక్యం రాసి సంతకం చేశాను. అందులో అబద్ధమేమీ లేదు. అయితే ఆ వాక్యాన్ని పట్టుకుని మర్నాడు షెడ్‌లో ఏం మార్చాలా అని కూర్చుంటే ఒక్కటీ తోచలేదు. ఆయన మొండివాడు కాబట్టి చేయి కాలిందని అనుకుంటే, మొండివాళ్ళు రాకూడదని కోరుకోవడం తప్ప మేము చేయగలిగింది ఏమీ మిగలదు.

మాది ఏ ఒక్క కంపెనీకీ చెందని, అన్ని రకాల కార్లూ చూసే వర్క్‌షాప్. రెండు స్తంభాల లిఫ్టులు నాలుగు, అలైన్‌మెంట్ చేసే లిఫ్టు ఒకటి, బండి కింద నిలబడి పనిచేసేందుకు పాతకాలపు గుంత ఒకటి ఉన్నాయి. గ్యాస్ కిట్ ఉన్న ఆటోలు ఎక్కువగా ఆ గుంత మీదికే వస్తాయి. మేస్త్రీలు, హెల్పర్లు కలిపి పదకొండు మంది పనిచేస్తున్నారు. వాళ్ళ పని చూసే బాధ్యత నాది.

ఆ రోజు జరిగినది వరుసగా చెబుతాను. హబ్సిగూడ వైపు నుంచి ఎండలో, ట్రాఫిక్‌లో నిలుచుని నిలుచుని వచ్చిన ఆ కారు లోపలికి వచ్చేసరికే బాగా వేడెక్కి ఉంది. చల్లారడానికి కనీసం అరగంట ఆగాలి. వెనక ఇంకా మూడు కార్లు వరుసలో ఉండటంతో మా మేస్త్రీ ఆగలేదు. దట్టమైన తడి గోనెగుడ్డను మూత మీద పరిచి, ఒంటిని పక్కకు వాల్చి, మెల్లగా మొదటి మెట్టు దాకా తిప్పి, ఆవిరి పోయేదాకా పట్టుకుని, తర్వాత మూత తీశాడు. ఇరవై ఏళ్ళుగా అలాగే తీస్తున్నాడు; చేయి ఎప్పుడూ కాలలేదు. కస్టమర్ అప్పుడు పక్కనే నిలబడి చూస్తున్నారు. పాత నీళ్ళు దించి, కొత్త కూలెంట్ పోసి, మూత బిగించి, లోపలి గాలి పోవడానికి హీటర్ పూర్తిగా తిప్పి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజన్‌ను నడిపించాడు. ఆ తర్వాత ఇంజన్ ఆపి, "సార్, జర దూరం ఉండుండ్రి, గరం ఉంది" అని చెప్పి, బానెట్ ఎత్తి ఉంచి, మరో లిఫ్టు దగ్గర పిలిస్తే వెళ్ళాడు. అతడు తిరిగి వచ్చేలోగా కస్టమర్ తన జేబురుమాలును మంచినీళ్ళ సీసాలో తడిపి, మూత మీద వేసి తిప్పారు.

యంత్రశాస్త్రం వైపు నుంచి చూస్తే ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ తెరిచిన గిన్నెలో నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. రేడియేటర్ మూతలో ఉండే స్ప్రింగు లోపలి ఒత్తిడిని, చాలా కార్లలో, బయటి గాలి కంటే 1.1 బార్ దాకా (ఒక బార్ అంటే సుమారుగా మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి అంత) ఎక్కువగా నిలిపి ఉంచుతుంది. ఆ ఒత్తిడి కింద నీరు సుమారు 120 డిగ్రీల వరకు మరగకుండా ద్రవంగానే ఉండగలదు. మూత తెరవగానే ఒత్తిడి పోతుంది కానీ వేడి పోదు. అంతదాకా మరగకుండా ఉన్న నీటిలో కొంత భాగం ఆ క్షణంలోనే ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది కాబట్టి ఆ ఆవిరి మిగతా వేడినీళ్ళను కూడా తనతో ఎగజిమ్ముతుంది. ఇది జరగకుండా ఉండేందుకే మూతకు రెండు మెట్లు పెట్టారు. మొదటి మెట్టు దగ్గర ఆగితే ఒత్తిడి పక్క గొట్టం గుండా పోతుంది, అక్కడ నొక్కి మళ్ళీ తిప్పితేనే మూత ఊడుతుంది. మా మేస్త్రీ ఆ మెట్టు దగ్గర ఆగడం కస్టమర్ కంటికి ఆనలేదు. ఆయనకు కనిపించింది తడిగుడ్డ ఒక్కటే.

ప్రథమ చికిత్స గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. ఒక హెల్పర్ టూత్‌పేస్టు కోసం పరుగెత్తాడు, మరొకడు పసుపు అన్నాడు. బిల్లులు రాసే అమ్మాయి ఇద్దరినీ ఆపి, ఆయన గడియారం, ఉంగరం తీయించి, చేతిని నీళ్ళ ధార కింద పెట్టించింది. అయితే మే నెలలో డాబా మీద ట్యాంకు నుంచి వచ్చే కొళాయి నీళ్ళు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటాయని మాకు అప్పుడే గుర్తొచ్చింది. తాగే నీళ్ళ బబుల్ క్యాన్లు మూడు ఒకదాని తర్వాత ఒకటి ఒంపుతూ ఇరవై నిమిషాలు చేతిని చల్లబరిచి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పొక్కులు వచ్చాయి, మూడు వారాల్లో మానాయి. ముఖం మీద పడకపోవడం కేవలం అదృష్టం.

నాలుగు రోజుల తర్వాత పండ్లు తీసుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. పరామర్శ ఒక కారణమైతే, ఆయన ఫిర్యాదు చేస్తారేమోనన్న భయం ఇంకో కారణం, దాచడం దేనికి. ఆయన పదవీ విరమణ చేసిన ఉద్యోగి, నెమ్మదస్తులు. నేను ఊహించుకున్న మొండితనం ఆ మనిషిలో ఎక్కడా లేదు. మూత ఎందుకు తిప్పారని అడిగితే కాసేపు మొహమాటపడి అసలు సంగతి చెప్పారు. అంతకు ముందు సంవత్సరం వేరే చోట కూలెంట్ మార్చామని బిల్లు వేశారట. నెల తిరిగాక ఇంట్లో చల్లని ఇంజన్ మీద మూత తీసి చూస్తే లోపల తుప్పు నీళ్ళు ఉన్నాయట. "మీరు గట్ల చేస్తారని కాదు సార్. కానీ నేను పైసలిచ్చిన. రంగు ఒక్కసారి కండ్ల జూసుకుంటే మనసు నిమ్మళమైతది అనుకున్న. మీ మేస్త్రీ గుడ్డ ఏసి తిప్పంగ చూసిన, నేనూ గట్లనే తిప్పిన" అన్నారు.

ఈ మాటల్లో రెండు విషయాలు ఉన్నాయి. ఆయన గీత దాటడానికి ఒక న్యాయమైన అవసరం ఉంది, ఆ అవసరాన్ని మేము ఏనాడూ తీర్చలేదు. దాటిన తర్వాత ఎలా ప్రవర్తించాలో మాత్రం మా చేతులే ఆయనకు నేర్పాయి. బోర్డు ఈ రెండింటిలో దేనికీ జవాబు కాదు.

తిరిగి వచ్చాక షెడ్‌ను కస్టమర్ నడిచే దారిలో నడిచి చూశాను. పదేళ్ళుగా రోజూ తిరిగే చోటే అయినా, అలా ఒక్కసారి కూడా నడవలేదని అప్పుడే తెలిసింది. బోర్డు తొమ్మిది అడుగుల ఎత్తున, టైర్ల వరస పైన, ఇంగ్లీషులో, పద్నాలుగు నియమాలతో ఉంది. కారులో లోపలికి వచ్చేవాడికి అది కనిపించే అవకాశమే లేదు. తెలుగు, ఉర్దూ, హిందీ మాట్లాడేవారంతా ఉన్న ఊళ్ళో మాకు ఇంగ్లీషు బోర్డు ఎలా సరిపోయిందో ఇప్పుడు తలుచుకుంటే నవ్వు వస్తుంది. పసుపు గీత నూనె మరకల కింద సగం చెరిగిపోయింది. ఇవి ఎవరైనా పట్టగలిగే లోపాలే. అసలు లోపం వేరు: కస్టమర్లు వాడుకునే మరుగుదొడ్డి షెడ్ వెనక గోడకు ఉంది. అక్కడికి వెళ్ళాలంటే రెండో లిఫ్టుకూ మూడో లిఫ్టుకూ మధ్య నుంచే వెళ్ళాలి. అంటే గీత దాటవద్దని రాసిపెట్టి, దాటక తప్పని చోట మరుగుదొడ్డి కట్టించుకున్నాం. రోజుకు ఒకసారి మా అనుమతితో దాటిన గీతకు రెండోసారి ఎవరు మాత్రం విలువ ఇస్తారు?

దీనికంటే ఎక్కువ సిగ్గుపడవలసిన సంగతి ఇంకొకటి ఉంది. బ్రేక్ ప్యాడ్లు అరిగాయనో, సస్పెన్షన్ బుష్‌లు పోయాయనో అదనపు పనికి ఒప్పించవలసి వచ్చినప్పుడల్లా మా వాళ్ళే "సార్, ఒక్కసారి ఇటు రండి" అని కస్టమర్‌ను లిఫ్టు కిందికి పిలిచి, టార్చి వేసి చూపిస్తారు. హెల్మెట్ ఇవ్వరు, తల జాగ్రత్త అని కూడా అనరు. మాకు ఆదాయం ఉన్నప్పుడు లిఫ్టు కింద చోటు సురక్షితం, కస్టమర్‌కు అనుమానం ఉన్నప్పుడు అదే చోటు ప్రమాదకరం. కస్టమర్లు ఈ తేడాను మాటల్లో చెప్పకపోవచ్చు కానీ గ్రహించకుండా ఉండరు. భద్రత పేరుతో మేము చెప్పే మాట వాళ్ళకు "మీరు చూస్తే మాకు ఇబ్బంది" అని వినిపించడంలో వింత లేదు.

ఆ తర్వాత ఒక నెలపాటు, గీత దాటి వచ్చిన ప్రతి ఒక్కరినీ వెనక్కి పంపే ముందు, ఎందుకు వచ్చారో మర్యాదగా అడిగి పుస్తకంలో రాయమని కౌంటర్ అమ్మాయికి చెప్పాను. "ఏం కాదులే" అనే ధీమాతో వచ్చినవాళ్ళు ఉన్నారు, కానీ వాళ్ళు నేను అనుకున్నంత మంది కాదు. ఎక్కువమంది కొత్త పార్టు నిజంగా వేస్తున్నారో లేదో చూడటానికి వచ్చారు. కారులో మరిచిపోయిన ఫోనో, బ్యాగో, మందులో తీసుకోవడానికి కొందరు, ఇంకెంతసేపు పడుతుందో అడగటానికి కొందరు వచ్చారు. పిల్లవాడికి లిఫ్టు చూపించడానికి ఎత్తుకుని తెచ్చిన తండ్రి కూడా ఒకరున్నారు. ఆ పుస్తకంలో రాసిన కారణాలలో అధికభాగానికి విరుగుడు బోర్డు కాదు, సమాచారం.

కారులో సామాను తీసుకోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది కాబట్టి దాన్ని కొంచెం వివరించాలి. రెండు స్తంభాల లిఫ్టు మీద కారు లిఫ్టుకున్న నాలుగు ఇనుప చేతుల మీద తూకంగా నిలబడి ఉంటుంది. ముందు నుంచి గేర్‌బాక్స్ దించితే బరువు వెనక్కి జరుగుతుంది. వెనక యాక్సిల్ దించితే ముందుకు జరుగుతుంది. అందుకే అలాంటి పనులకు ముందు రెండో వైపు పొడవాటి స్టాండు పెట్టి ఆనిస్తాం. ఆ సమయంలో, నడుము ఎత్తున ఉన్న కారు డిక్కీలోంచి ఒక పాతిక కిలోల బియ్యం బస్తాను ఒకరు ఒక్క ఊపున లాగితే ఆ తూకం ఏమవుతుందో బయటివారికి తెలియదు, తెలియాలని ఆశించడమూ న్యాయం కాదు. అప్పటి నుంచి, పని వివరాలు రాసుకునే జాబ్ కార్డు మీద మొదటి ప్రశ్న కిలోమీటర్ల రీడింగ్ కాదు, "కారులో మీకు కావలసినవి ఏమైనా ఉన్నాయా?" అన్నది. కారు లోపలికి వెళ్ళే ముందే డిక్కీ ఖాళీ అవుతుంది. తాళం మేస్త్రీ జేబులో ఉంటుంది.

కూలెంట్ పని పద్ధతి పూర్తిగా మార్చాం. వేడిగా వచ్చిన కారు మూతను ఎవరూ, ఎంత అనుభవం ఉన్నా, తడిగుడ్డతో తీయకూడదు. బానెట్ ఎత్తి, ఫ్యాన్ ముందు పెట్టి, మూత పక్కనున్న పై రబ్బరు గొట్టం చేతితో పట్టుకోగలిగేంత చల్లబడిన తర్వాతే తీయాలి. కొత్త కూలెంట్ డబ్బా సీలు కస్టమర్ ఎదుటే, కౌంటర్ దగ్గరే తెరుస్తాం. ఒక్క చుక్క రిఫ్రాక్టోమీటర్ (ద్రవంలో పాళ్ళు చూపే చిన్న పరికరం) గాజు మీద వేసి, నీళ్ళూ, కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ రసాయనమూ ఎంత పాళ్ళలో ఉన్నాయో ఆయన కంటితో చూపిస్తాం. ఈ ఊళ్ళో మంచు కురవదు కదా, నీళ్ళు చాలవా అని అడిగేవారికి, సగం సగం మిశ్రమం తెరిచిన గిన్నెలో కూడా నీళ్ళకంటే ఏడెనిమిది డిగ్రీలు ఆలస్యంగా మరుగుతుందని, తుప్పును ఆపే రసాయనాలు అందులోనే ఉంటాయని అప్పుడే చెబుతాం. గాలి తీసేటప్పుడు మూత బిగించకుండా పొడవాటి గరాటు బిగిస్తాం. అది తెరిచే ఉంటుంది కాబట్టి ఒత్తిడి పేరుకోదు. పని అయ్యాక మూత బిగించి, బానెట్ దించి, హెచ్చరికగా ఎర్ర ట్యాగు వేలాడదీస్తాం. ఖాళీ డబ్బా మూతి కోసి కస్టమర్ చేతికే ఇస్తాం. కోయడం ఎందుకంటే, మంచి డబ్బాల్లో నకిలీ సరుకు నింపి అమ్మేవాళ్ళు ఉన్నారని ఈ వృత్తిలో ఉన్న అందరికీ తెలుసు. ఆయిల్ డబ్బాలకూ ఇదే పద్ధతి. పాత పార్టులన్నీ ఒక ట్రేలో, జాబ్ కార్డు నంబరుతో, గీతకు ఇవతల బల్ల మీద ఉంటాయి.

అదనపు పని చూపించవలసి వస్తే మేస్త్రీ ఫోన్‌లో వీడియో తీసి పంపుతాడు. అరిగిన ప్యాడు పక్కన స్కేలు పెట్టి తీయాలన్నది నియమం. వీడియోతో తృప్తిపడని వారికి, లిఫ్టును పూర్తిగా దించి, చక్రం విప్పి చూపిస్తాం. కారు గాలిలో ఉండగా కిందికి పిలవడం మానేశాం. మరుగుదొడ్డికి పక్క సందు నుంచి తలుపు పెట్టించడానికి యజమాని మొదట ఒప్పుకోలేదు. ఖర్చు ఎక్కువని ఆయన వాదన. ఒక శనివారం ఆయననే ఆ దారిలో నడిపించాను, నెత్తి మీద లిఫ్టు చేయి తగలబోయింది. సోమవారం తాపీమేస్త్రీ వచ్చాడు.

పనికిరాని ప్రయత్నాలు కూడా చెప్పాలి. తొలి వారంలోనే గీత వెంట ఇనుప గొలుసు కట్టించాను. కస్టమర్లు దాటుకుంటూ వచ్చారు; స్కూటర్ హెల్మెట్లు తగిలించడానికి మా హెల్పర్లకు అది బాగా పనికొచ్చింది. దాటితే జరిమానా అని రాయించాలన్న యజమాని ఆలోచనను నేనే ఆపించాను, వసూలు చేయలేని జరిమానా వల్ల మిగిలేది చులకనే కదా. షెడ్‌కూ వేచి ఉండే గదికీ మధ్య గోడ కట్టించాలని కూడా ఒకసారి అనుకున్నాం. గోడ కడితే అనుమానం రెట్టింపవుతుందని, మేస్త్రీ పక్కన స్టూలు వేసుకుని కూర్చోనిచ్చే రోడ్డు పక్క షెడ్లకే జనం వెళ్తారని మా పెద్ద మేస్త్రీ అన్నాడు. అతడి మాటే నిజం. గోడ బదులు పెద్ద అద్దం కిటికీ పెట్టించాం, దాని వెనక కుర్చీలు వేశాం. ఆ కుర్చీలు ఎప్పుడూ ఖాళీగా ఉండవు.

"వాహనంలో వస్తువులకు, వ్యక్తులకు యాజమాన్యం బాధ్యత వహించదు" అన్న బోర్డు చాలా షెడ్లలో ఉంటుంది, మా దగ్గరా ఉండేది. ఆ ఒక్క బోర్డు వల్ల వర్క్‌షాప్ తన జాగ్రత్త తీసుకునే బాధ్యత నుంచి తప్పించుకోలేదు. ఒకవైపుకే మొగ్గు చూపే షరతులను ప్రశ్నించడానికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో చోటు ఉంది. నేను దాన్ని తీయించినది చట్టానికి భయపడి కాదు. ఆ బోర్డు ఉన్నంతకాలం మా వాళ్ళు కస్టమర్ భద్రత కస్టమర్ చూసుకుంటాడని అనుకున్నారు.

గుంత దగ్గర మాత్రం నేను మెత్తబడలేదు. ఎల్పీజీ గాలికంటే బరువైనది. లీకైతే కిందికి పాకి గుంతలో చేరి, వాసన పోయిందనుకున్నా అడుగున నిలిచి ఉంటుంది. సీఎన్జీ గాలికంటే తేలిక కాబట్టి పైకి పోతుంది కానీ, సిలిండర్ నిండినప్పుడు అందులో 200 బార్ ఒత్తిడి ఉంటుంది. ఆటో అన్నలు గుంత అంచున గొంతుక్కూర్చుని బీడీ ముట్టించడం నేను కళ్ళారా చూశాను. "పొద్దుగాల నుంచి బండి మీదనే ఉన్న, గింత దమ్ము గుంజనియ్యవా అన్నా" అని అడిగిన మనిషిని తప్పుపట్టాలనిపించదు. అందుకే గుంతకు దూరంగా, రోడ్డు వైపు వేపచెట్టు కింద ఒక బెంచీ, ఇసుక డబ్బా, చాయ్ ఏర్పాటు చేశాం. బీడీ అక్కడ కాల్చుకోవచ్చు. గుంత దగ్గర మాత్రం జేబులో అగ్గిపెట్టె ఉన్నా పని ఆపేస్తాం, బతిమాలినా వినం.

ఇవన్నీ మా షెడ్ లోపల జరిగేవి. షెడ్ దాటి వెళ్ళిన తర్వాత పాటించవలసిన సూచనల విషయంలో మేము ఇంకా గెలవలేదు. చక్రాలు విప్పి బిగించిన ప్రతి కారును, ముఖ్యంగా అల్లాయ్ చక్రాలున్నవాటిని, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ తీసుకురమ్మంటాం. నట్లను టార్క్ రెంచితో (బిగువును కొలిచే పానాతో), కారును బట్టి 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య నిర్దేశించిన బిగువుకు సరిచూడాలి. రెండు నిమిషాల పని, ఉచితం. అయినా తిరిగి వచ్చేవాళ్ళు తక్కువ. ఔటర్ రింగ్ రోడ్డు మీద కార్లకు 120 కిలోమీటర్ల వేగం అనుమతించారు. ఆ వేగంలో ఒక నట్టు వదులైతే ఏమవుతుందో చెప్పినా తల ఊపి వెళ్ళిపోతారు. ఇక్కడా మా తప్పు వెతికితే దొరికింది. ఆ మాట మేము బిల్లు చేతిలో పెడుతూ చెబుతున్నాం, ఆ క్షణంలో మనిషి చెవి లెక్క మీద ఉంటుంది. ఇప్పుడు మూడో రోజు సాయంత్రం ఫోన్ చేసి, ఎంత దూరం తిరిగిందని అడిగి, ఆఫీసుకు వెళ్ళే దారిలో ఐదు నిమిషాలు ఆగమంటున్నాం. కొంత నయం. కాని కొండాపూర్ నుంచి, గచ్చిబౌలి నుంచి వచ్చేవాళ్ళు మళ్ళీ నాచారం దాకా రారు. వాళ్ళకు దగ్గరలో, టార్క్ రెంచి నిజంగా ఉన్న టైర్ల దుకాణాలతో మాట్లాడుతున్నాం. ఒకరు ఒప్పుకున్నారు, ఇద్దరు ఎయిర్ గన్‌తో బిగిస్తే చాలదా అని అడుగుతున్నారు.

చేయి కాలిన కస్టమర్ ఇప్పటికీ మా దగ్గరకే వస్తారు. పోయిన నెల సర్వీసింగ్‌కు వచ్చి, అద్దం వెనక కూర్చుని, ఆయిల్ డబ్బా మూతి కోయడం మరిచిపోయిన హెల్పర్‌ను కిటికీ మీద తట్టి పిలిచారు.